సీసా చలి వదిలేదాకా

ముదలియార్‌పేటలో బస్సెక్కిన సుష్మిత, ఖాళీగా ఉన్న ఒక్క సీట్లో కూలబడ్డాక గాని పక్కనున్నది చెంగల్రాయన్ అని చూడలేదు. లేవబోయింది. నిలబడటానికీ చోటు లేదు.

అతను కిటికీ వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్లుగా కాలేజీ ల్యాబులో అటెండరు. ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు. సీసాల మీది ఇంగ్లీషు పేర్లు మాత్రం తడుముకోడు. కణంలో చెడు చేసే జన్యువు నోరు మూయించే మందు ఒకటుంది. ఊరికే పంపితే దారిలోనే ముక్కలవుతుంది. అందుకని పాలిమర్‌తో పొట్లం కట్టి పంపాలి. ఆ పొట్లం కణంలో చేరాక తడికి కరిగిపోవాలి. ఆ పాలిమర్ చెయ్యటంలోనూ, పొట్లాలు కట్టడంలోనూ చెంగల్రాయన్ చెయ్యే చెయ్యి అనేవాడు ల్యాబు పెద్ద దురైసామి సారు.

అప్పుడే ఈ పిల్ల యానాం నుంచి పరిశోధనకు దిగింది. "ఫ్రీజర్లోంచి పాలిమర్ సీసా తీసి టీకి పోతాడు సార్, అరగంటకి గానీ రాడు" అని చెప్పింది. సారు ఆ పని ఆమెకిచ్చి, ఇతనికి గాజుసామాను తోమటం మిగిల్చాడు. తన స్టూలు మీద ఆమె కూర్చోవటం చూసినప్పుడల్లా చెంగల్రాయన్ తోమిన బీకరునే మళ్లీ తోమేవాడు.

"ఏంది పాపా, మొగం అట్ట వాడిపోయె?" అన్నాడు. ఆ మొహం చూస్తే అతనికి లేతకొబ్బరి నీళ్లు తాగినంత హాయిగా ఉంది.

"మూడు నెలలైంది అన్నా. పొట్లమే నిలవట్లేదు. శుక్రవారానికి రాకపోతే ఈ పని వదిలెయ్యమన్నారు సారు. మీరు చేస్తే ఎలా వచ్చేదండీ?"

"టీ తాగేవాణ్ణి."

"ఏడిపించకండి." ఆమె కళ్లు తుడుచుకుంది.

ఇంకో మూడు రోజులు నోరు మెదపకుంటే చాలు, స్టూలు తనదే. చెంగల్రాయన్ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

"పాలిమర్ ఇంక ఒక్క సీసానే ఉంది. మీరు చేసిందే. రేపు తెరుస్తాను."

అతను చప్పున ఆమె వైపు తిరిగాడు. ఈ ఊరి సముద్రపు గాలి సామాన్యమైంది కాదు; సైకిలు చైన్లు తినేస్తుంది, మూత బిగించిన డబ్బాలో మురుకుల్ని మెత్తబరుస్తుంది. అలాంటి గాలికి తన సీసాను అప్పగిస్తుందా ఈమె!

"నా సీసా అట్ట తెరవొద్దు! చలి మీద మూత తీస్తే చెమ్మంతా లోపలికి పోతాది. కణంలో కరగాల్సింది సీసాలోనే పాడైపోతా ఉండాది. గదిలో పెట్టి, చలి పోయేదాకా మూత ముట్టబాక. అరగంట. అదే నా టీ."

సుష్మిత నొసలు కొట్టుకుంది. "ముందే చెప్పొచ్చుగా అన్నా?"

"సారుకాడ చెప్పేముందు నన్ను అడిగినావా?"

"తప్పైందండీ. రేపు మీరూ రండి, నా పక్కన కూర్చోండి."

"నీ పక్కనా! యాడ, నా స్టూలు పక్కనా?"

అతను దిగాల్సిన ఇందిరా నగర్ ఇంకా రెండు స్టాపులుండగానే బస్సు ఆగింది. ఆమె "అన్నా" అని పిలుస్తూనే ఉంది. అతను జనాన్ని తోసుకుని దిగి, వెనక్కి చూడకుండా, టీకొట్టు దగ్గరైనా ఆగకుండా నడిచిపోయాడు.