వాగు అవతలి చావులు

మా మేనమామ పోయాడు. మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో, బండిలోనే ప్రాణం పోయింది. చాలా ఏళ్ళు మా ఊరి మునసబుగా చేసిన మనిషి. పోయినందుకు ఎంత ఏడ్చామో, దారిలో పోయాడే అని అంతకంటే ఎక్కువ ఏడ్చాం. ఎందుకో చెప్పాలి.

ఆయనకు రూలంటే రూలే. ఒకసారి సొంత బర్రె పక్కవాళ్ళ జొన్నచేలో పడితే తానే తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టించాడు. ఆయన ఇంట్లోనే పెరిగిన నాతో సహా ఇంటిల్లిపాదీ మజ్జిగకు మొహం వాచాం. "రూలు చేసినోడు మజ్జిగ తాగడా ఏంది?" అని అత్త సణిగేది. ఆయన వినిపించుకోకుండా కంచం ముందు కూర్చుని, "అందరూ వచ్చినారా?" అని అడిగేవాడు. ఒక్కరు తక్కువైనా ముద్ద ముట్టేవాడు కాదు.

మా పక్క కలరా తగిలితే ఊరు ఖాళీ చేసి వాగు అవతల గుడిసెలు వేసుకోవడం అలవాటు. ఒక ఏడు కలరా వచ్చి అలాగే పోయాం. జబ్బు కూడా మాతోనే వాగు దాటింది. అవతలి నేల పక్క ఊరి పొలిమేర. చావు ఎక్కడ జరిగితే అక్కడి మునసబే చావుల లెక్కలో రాయాలని రూలు కాబట్టి మామ రాయలేదు, పక్క ఊరాయన రాస్తున్నాడనుకున్నాడు. చచ్చేది మా ఊరి జనం గనక మామే రాస్తున్నాడని ఆయన అనుకున్నాడు. ఆ లెక్కలను బట్టి తాలూకా కచేరీ నుంచి కలరా చావుల అంకెలు పత్రికకు పోయేవి. అందులో మా ఊరికి సున్న వేశారు. మేమేమో రోజూ పాడెలు కడుతున్నాం.

పొదిలిలో మామ అల్లుడు ఆ పత్రిక చూసి, జబ్బు లేదు కదా, అమ్మానాన్నలను చూసి రమ్మని భార్యను బండెక్కించాడు. మామకు ఆమె ఒక్కతే కూతురు. గుడిసెల దగ్గర దిగి మమ్మల్ని చూసి బిత్తరపోయింది.

"పేపర్లో ఏమీ లేదన్నారే నాయనా!"

వెంటనే వెనక్కి తోలమని అత్త మొత్తుకుంది. ఎద్దులు అలిసినాయి, తెల్లారి పోదామన్నాడు బండివాడు. తెల్లారేసరికి ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. పొద్దు వాలేలోపు పోయింది.

పరామర్శకు వచ్చిన పక్క ఊరి మునసబు, "మీవోళ్ళను నువ్వే రాస్తాండావనుకున్నా బావా" అన్నాడు. మామ లేచి వెళ్ళి కూతురి పేరుతో మొదలుపెట్టి అందరినీ మా ఊరి లెక్కలోనే రాశాడు. మీ పొలిమేర కానిది మీరెలా రాశారని కచేరీవాళ్ళు సంజాయిషీ అడిగారు. "చచ్చింది మావోళ్ళు. పని తీసేస్తే తీసేయండి" అన్నాడు. తర్వాతి పత్రికలో మా ఊరి చావులన్నీ ఒక్క వారంలోనే కుప్పగా పడ్డాయి. అప్పటికి జబ్బు సద్దుమణిగింది. మందులు పట్టుకుని డాక్టరు అప్పుడొచ్చాడు. ఆ అంకె చూసి, సంతలో మావాళ్ళ దగ్గర చింతపండు కొనడానికి కూడా జనం జంకారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత మామ రూలు మాట ఎత్తలేదు. బాట మీద దిక్కులేని బిచ్చగాడు పోయినా పొలిమేర అడిగేవాడు కాదు. "ఎవురోడూ కాకుంటే మనోడే. రాస్తా" అనేవాడు. కంచం ముందు మాత్రం, అందరూ వచ్చినారా అని అడగడం మానేశాడు. ఆ మాట వినబడని ఆ ఇంట్లో నాకు అన్నం సహించేది కాదు.

మొన్న శవాన్ని ఇంటికి తెచ్చాక ఇప్పటి మునసబు వచ్చాడు. మంచివాడే. "దారిలో పోయినాడు గదమ్మా, ఆ ఊర్లో రాసుంటార్లే" అన్నాడు.

అత్త ఏడుపు ఆపింది. "అట్లనుకునే నా బిడ్డను పోగొట్టుకుంటిమి. నా ముందర రాయి."

అరుగు మీద కూర్చుని రాశాడు. అత్తకు చదువు రాదు. పేరెక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి చూసుకుంది. సిరా ఇంకా ఆరలేదు. పాడె లేచేటప్పుడు రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతులు తీసేసరికి చెంప మీద నల్లటి మరక ఉంది. మేమెవరమూ తుడవలేదు.