చెవులమ్మకు దొరికిన దుబాసీ

చెవి మిషన్‌ను ఎవరి చెవిలో పెట్టాలన్నా ముందు ఆమె దాన్ని గుప్పిట్లో ఉంచుకుని కాసేపు వెచ్చబరుస్తుంది. చల్లటి వస్తువు తగిలితే మనిషి ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడ్డవాడికి ఏదీ సరిగ్గా వినపడదు అంటుంది. మెట్ల కింద ఇరుకు గది ఆమె దుకాణం. ఒక బల్ల, మూడు కుర్చీలు, వీధి రొద రాకుండా తలుపుకు మందపాటి దుప్పటి. చుట్టుపక్కల అందరికీ ఆమె చెవులమ్మ.

దుకాణంలోని పాత కంప్యూటర్ కన్నుమూసిన వారమే అత్తగారి చెవి మిషన్ రిపేరు నుంచి తిరిగొచ్చింది. లోపలి సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. చెంచా కదిపినా పళ్లెం పగిలినట్టుందని పెద్దావిడ దాన్ని తీసి పక్కన పెట్టేసింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరినీ ఏమీ అడగడం లేదు. అడిగితే జవాబు వినాలి కదా. అందుకని చెప్పడమే పెట్టుకుంది. కోడలు చెవులమ్మకు ఆ మాటల వాన కన్నా, లోపలున్న ఆ ఒంటరితనమే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మిషన్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని సెట్టింగులు సరిచేసే ప్రోగ్రామ్ చెవులమ్మ పెన్ డ్రైవ్‌లో మిగిలింది, అంతే.

మరిది పలచటి కొత్త కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "వదినా, దీని ప్రాసెసర్ వేరే జాతి. నీ పాత ప్రోగ్రామ్ భాష దీనికి రాదు."

"రాకపోతే నా నెత్తిన రుద్దడానికి తెచ్చావా?"

"దుబాసీ ఉన్నాడులే. ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కూర్చుని, ఆ మాటల్ని దీనికి అర్థమయ్యేలా మార్చి చెప్తాడు. ఎమ్యులేషన్ అంటారు. చెవి మిషన్‌ను తగిలించే కేబుల్‌ను నడిపే ప్రోగ్రామ్, డ్రైవర్ అంటారు, అది మాత్రం ఈ చిప్ కోసమే రాసింది కావాలి. అదీ దొరికింది, వేశాను."

ప్రోగ్రామ్ నొక్కాడు. తెర తెల్లబోయి ఉండిపోయింది. "బిగుసుకుపోయింది" అని మూసేశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే తెలుపు, మళ్లీ మూశాడు. మూడోసారి నొక్కేసరికి, కుర్చీలో కూర్చున్న తల్లి అందుకుంది.

"ఒరేయ్ చిన్నోడా, నువ్వు బస్సులో నిద్రపోయి డిపో దాకా పోయావు, గుర్తుందా?"

"అమ్మా, ఇప్పుడు కాదే!"

ఆమెకు వినపడితేగా. నిద్ర లేవని పిల్లాణ్ణి బస్సు డ్రైవరు భుజాన వేసుకుని వచ్చిన తీరు, వాడి చెప్పు ఒకటి దారిలో జారిన తీరు, లేచి నడిచి మరీ చూపించింది. కోడలు పడీపడీ నవ్వింది. మరిది నెత్తి కొట్టుకున్నాడు. కథ ముగిసి ఇటు తిరిగేసరికి ప్రోగ్రామ్ నిండుగా తెరుచుకుని ఉంది.

"ఓహో! మొదటిసారి కదా, తర్జుమా చేసుకుంటోంది. నేనే మధ్యలో దాని పీక నొక్కాను" అన్నాడు మరిది. "చేసింది దాచుకుంటుంది వదినా. ఇకపైన ఇంతసేపు పట్టదు."

చెవులమ్మ పెన్ డ్రైవ్‌లో దాచిన పాత సెట్టింగులను మిషన్‌లోకి పంపింది. గుప్పిట్లో వెచ్చబరిచి అత్తగారి చెవిలో అమర్చింది. పెద్దావిడ కదలకుండా కూర్చుంది. ముందు ఫ్యాను వైపు చూసింది. తర్వాత వాళ్లిద్దరి వైపు.

"పొద్దుపోయింది. ఏమైనా తిన్నారా?"

అడిగి ఊరుకుంది. జవాబు కోసం ఆగింది.

"ఇంకా లేదత్తయ్యా."

"చెవులు పోయింది నాకు. ఆకలి మీకు పోయిందా?"

కోడలు తల వంచుకుని కేబుల్ చుట్టింది. ఆ దుబాసీని తయారుచేసిన, ముఖం ఎరగని మనుషులెవరో ఎక్కడో కూర్చుని, దిక్కులేని పాత ప్రోగ్రాముకు కూడా కొత్త చోట నోరు ఉండాలని తలిచారు. చల్లగా ఉండాలి వాళ్లు, అనుకుంది. అంతకన్నా చెప్పుకోవడానికి చిరునామా లేదు.

మర్నాడు ఆమె దుకాణం పెందలాడే తెరిచింది. అదే రకం మిషన్ పనికిరాదని సొరుగులో పడేసినవాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసి తీసుకురమ్మంది. వాళ్లలో ఒంటరిగా ఉండే డ్రిల్లు మాస్టారికి ఫోన్ మోగినా, తలుపు కొట్టినా వినపడదు. ఆయన ఇంటికి తానే నడిచి వెళ్లి, కిటికీ ఎదుట నిలబడి, ఆయన పేపర్లోంచి తలెత్తేదాకా చెయ్యి ఊపింది.