వీరుడు వేలెత్తి చెప్పిన మాట

మొన్న మాఘమాసపు ఎండకు పాత దిండొకటి విప్పి చాప మీద పోశాను. ముక్కిపోయిన దూదిలో నుంచి కొంచెం పత్తిగింజ నూనె, కొంచెం దుమ్ము, కొంచెం తలనూనె కలిసిన వాసన లేచి, పక్కింటివాళ్ళు ఆరబోసిన మిరపకాయల ఘాటును కూడా కాసేపు పక్కకు నెట్టేసింది. చేస్తున్న పని ఆపి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏ విషయాన్నయినా తేదీ వేసి, గడులు గీసి రాసుకోవడం ఆరో తరగతి నుంచీ నాకున్న అలవాటు. అలా నిండిన నోటుపుస్తకాలు ఒక ఇనప్పెట్టె నిండా ఉన్నాయి. వాటిలో సగం ఆకాశంలో ఎగిరే వీరులను గురించినవే. ఏ బొమ్మ ఎప్పుడు చూశామో, ఏ వీరుడికి బలం ఎలా వచ్చిందో, ఎవరిని కాపాడాడో, అన్నీ ఉన్నాయి. ఒక్క ఆదివారం మాత్రం లేదు. ఆ ఆదివారం గురించే ఇప్పుడు రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట దగ్గర, నల్లరేగడి చేల మధ్యనున్న ఊరు. మేము దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లే అయినా ఇంట్లో పుట్టినప్పటినుంచీ విన్నది తెలుగే, తిట్టుకున్నదీ తెలుగులోనే. కార్తీకం దాటితే పత్తి ట్రాక్టర్లు వెళ్ళిన దారి పొడుగునా తుమ్మముళ్ళకు తెల్లటి పింజలు వేలాడేవి. మాఘంలో పెళ్ళిళ్ళవాళ్ళు పరుపులకు చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ తర్వాత కల్లాలన్నీ ఎర్రబడి, ఊరు ఊరంతా తుమ్ముతూ పనిచేసేది. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళి వచ్చిన అమ్మ, చేతులకు మజ్జిగ రాసుకుని, మంట చల్లారేదాకా మా ముఖాలను ముట్టుకునేది కాదు. పీర్ల పండక్కి ఆ చేతులతోనే రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేసేది. చెల్లెలు సైదమ్మ తన ముద్దను చివరిదాకా దాచి, అందరివీ అయిపోయాక మా ఎదురుగా కూర్చుని ఊరిస్తూ తినేది. నాన్న ముందు గదిలో విల్లు వేలాడగట్టి, కొయ్యతో దాని నారిని కొడుతూ దూది ఏకుతుంటే ఆ మోత వీధి చివరికి వినిపించేది. ఆ మోత ఆగినప్పుడు తాత బీడీ ముట్టించి, తన చిన్నతనంలో డేరా సినిమాల్లో చూసిన రెక్కల గుర్రాలనూ, ముసుగు కత్తివీరులనూ వర్ణించేవాడు. "తాళ్ళు కనపడేయమ్మా. అయినా నమ్మేవోళ్ళం," అని నవ్వేవాడు.

తొంభైల చివరి ఆ రోజుల్లో మా వీధిలో రంగుల టీవీ సుబ్బాయమ్మ పెద్దమ్మ ఇంట్లో ఒక్కటే ఉండేది. ఆమె పత్తిరైతు ఇల్లాలు; కులం వేరైనా వరస కలిపి పిలుచుకునేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం ఒక హిందీ సీరియల్ వచ్చేది. అందులో ఒక వీరుడు గిరగిరా తిరిగి ఆకాశంలోకి లేచి, మేడల మీది నుంచి పడిపోతున్న పిల్లలను నేల తాకకముందే చేతుల్లోకి తీసుకునేవాడు. ఆమె కొడుకు శీనుగాడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు, కిందనుంచి మేమంతా "వచ్చింది, వచ్చింది, పోయింది, ఒరేయ్ మళ్ళీ తిప్పరా!" అని అరిచేవాళ్ళం. గచ్చు మీద పాతికమంది పిల్లలం ఒకరి మోకాళ్ళు ఒకరికి గుచ్చుకుంటూ కూర్చుంటే, పెద్దమ్మ మరమరాల చేట మధ్యలో పెట్టి, "తినండి గానీ నోళ్ళు మూసుకు తినండి," అని కసిరేది.

ఆ పాతికమందిలో హిందీ వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ సాయిబుల పిల్లను కాబట్టి నాకు వచ్చి తీరుతుందని వాళ్ళంతా నిశ్చయించుకున్నారు.

"ఏమంటన్నాడే బీబీ?" అని శీను అడిగేవాడు.

"ఆగరా, పూర్తిగా అననీ."

"దానికి రాదురా. బడాయి."

రాదని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. నమాజు మాటలు కూడా సరిగా పలకలేని మమ్మల్ని పట్నం బంధువులు వెక్కిరించేవాళ్ళు. ఇక్కడ కూడా రాదంటే నేను దేనికీ చెందనిదాన్నవుతానని భయం. అందుకని బొమ్మను చూసి మాటలు కల్పించేదాన్ని. విలన్ నవ్వితే "ఊరంతా తగలబెడతా," అనీ, తల్లి ఏడిస్తే "నా బిడ్డ ఏడి," అనీ చెప్పేదాన్ని. సగం సార్లు సరిపోయేది. కథ ముగిశాక వీరుడు ఒక్కడే తెరమీదకు వచ్చి, వేలెత్తి, నవ్వు లేని ముఖంతో పిల్లలకు ఏదో చెప్పేవాడు. అక్కడ పట్టుకోవడానికి బొమ్మలేవీ ఉండేవి కావు. ఆ ఆదివారం శీను మళ్ళీ అడిగాడు. అందరూ నా వైపు తిరిగారు.

"నన్ను నమ్మి దూకినోళ్ళని కింద పడనియ్యను, అంటన్నాడు," అన్నాను.

"మగపిల్లల్నేనా?" అంది సైదమ్మ. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

"అందర్నీ."

"ఒట్టు?"

"ఒట్టే. ఆయనే చెబుతుంటే."

ఒక పసివాడి ప్రాణానికి సంబంధించిన హెచ్చరికను, కథంతా అయిపోయాక, ఆ పసివాడికి రాని భాషలో చెప్పి చేతులు దులుపుకున్నవాళ్ళ మీద నాకు ఈనాటికీ కోపమే. ఎగరడాన్ని అర్థం చేసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు. ఎగరవద్దనడానికి మాత్రం భాష కావాలి. ఇంతమాత్రం ఆలోచించని పెద్దలు పిల్లల కోసం బొమ్మలు తీశారు. ఈ కోపాన్ని నేను చాలా ఏళ్ళు చాలామంది ముందు వెళ్ళగక్కాను. దానిలో న్యాయముంది. కానీ దాని వెనక నేను దాక్కున్నాను.

ఎగిరే ఆట మాకు అంతకుముందే ఉంది. సుబ్బాయమ్మ పెద్దమ్మ వాళ్ళ కొట్టులో గింజపత్తిని నడిమి గోడ ఎత్తున పోసేవాళ్ళు. ఆ గోడెక్కి దూకితే పత్తి నడుమువరకూ మింగి, అక్కడ పట్టుకుని ఆపేది. గింజలకు బరువుంటుంది, ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి, మనిషిని మోస్తాయి. ఏకిన దూది అలా కాదు. అదే పత్తి గింజ పోయి, విల్లు దెబ్బలకు విచ్చుకుని, ఇంతది అంతై, మబ్బులా కనిపిస్తుంది. "ఏకిందాంట్లో ఉండేది గాలేనమ్మా, మనిషినాపదు," అని నాన్న మాకు వందసార్లు చెప్పాడు. దూదేకులవాళ్ళ పిల్లలం, మాకిది తెలియక కాదు. తెలిసినదానికంటే నా ఒట్టు పెద్దదైంది.

ఆ మంగళవారం పెళ్ళి పరుపుల కోసం ఏకిన దూది మా ముందు గదిలో అటక అంచు దాకా లేచింది. నాన్న నూలుదారం కొనడానికి పేటకు వెళ్ళాడు. అటకకు నిచ్చెన వేసే ఉంది. అమ్మ కల్లంలో ఉంది. నేను వాకిట్లో కూర్చుని నోటుపుస్తకంలో గీతలు గీస్తున్నాను. "అక్కా, చూడు," అని వినిపించి తలెత్తాను. చారల పరుపుగుడ్డ మెడకు కట్టుకుని, చేతులు చాచి, కళ్ళు మూసుకుని సైదమ్మ అటక మీద నిలబడి ఉంది. నేను వద్దనలేదు. నాకు నవ్వొచ్చింది. అది దూకింది. దూది చప్పుడు లేకుండా విడిపోయి, చప్పుడు లేకుండా మళ్ళీ మూసుకుంది. గదంతా పింజలు ఎగిరి, కిటికీ ఎండలో నెమ్మదిగా తేలుతుంటే ఎంతో అందంగా ఉందనుకున్నాను. తర్వాత ఆ తెలుపు అడుగునుంచి గొంతు వచ్చింది.

"అక్కా, నా కాళ్ళేయే?"

గుంటూరులో డాక్టర్లు వెన్నెముక అన్నారు. నాలుగు నెలలకు ఇంటికి తీసుకొచ్చాక సైదమ్మ నాన్న కుట్టిన పరుపుమీదనే ఉండిపోయింది. ఎవరు పరామర్శకు వచ్చినా నాన్న ఒకటే మాట: "నిచ్చెన తియ్యకుండా పోయానయ్యా. తప్పు నాది." విల్లు విప్పేశాడు. మళ్ళీ కట్టలేదు. మిరపబస్తాలు మోసే పనికి వెళ్ళాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నేను గదిలోనే ఉన్నాను.

ఆ తర్వాత నోటుపుస్తకాలు మా ఇద్దరివీ అయ్యాయి. అది చెప్పేది, నేను రాసేదాన్ని. కేబుల్ వచ్చింది, బొమ్మల వీరులు ముందు ఇంగ్లీషులో, ఆనక తెలుగులో అరవసాగారు. రెండువేలు దాటాక పేటలో హాలుకు ఇంగ్లీషు వీరులు తెలుగు గొంతులతో వచ్చారు. గోడలు పాకేవాళ్ళూ, ఇనుప తొడుగులవాళ్ళూ, ముసుగులవాళ్ళూ, ఒకరి వెనక ఒకరు. నేను చూసి వచ్చి, టిక్కెట్టు ముక్క అంటించి, దానికి కథంతా చెప్పేదాన్ని. హిందీవాళ్ళూ ఎగిరేవాడినొకణ్ణి తయారుచేశారు. సీడీలు అద్దెకు దొరికే కాలానికి వాటినే తిప్పి తిప్పి చూశాం. సైదమ్మే ఒక గడి కొత్తగా గీయించింది: ఎగిరిన ఆడవాళ్ళు. పేజీల తరబడి ఆ గడి దాదాపు ఖాళీ. "పడిపోవటానికే పెడతారక్కా మనల్ని," అనేది. వీరులకు బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసే గడి మాత్రం నిండిపోయేది: పురుగు కుట్టో, ప్రమాదం జరిగో, వెన్ను విరిగో. ఆ చివరిది రాసిన రోజు అది పుస్తకం మూసేయమంది.

దానికి పద్దెనిమిదో ఏడు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పాత సీరియల్ తెలుగు మాటలతో మళ్ళీ వచ్చింది. ఇద్దరం చూశాం. కథ ముగిసింది. వీరుడు తెరమీదకు వచ్చి వేలెత్తాడు. నేను రిమోట్ కోసం వెతికాను. అది సైదమ్మ చేతి కింద ఉంది.

నేను ఎగరడం కెమెరాలో చేసే కనికట్టు, పిల్లలెవరూ ఎత్తునుంచి దూకవద్దు, నేను రాలేను, అని వీరుడు శుభ్రమైన తెలుగులో చెప్పాడు.

సైదమ్మ తెరను చూస్తూనే అడిగింది. "ఈ మాట అప్పుడూ చెప్పాడా అక్కా?"

"లేదే. ఇది కొత్తగా కలిపారు."

"అంతేలే. ఎవురో పిల్లలు పడుంటారు. రాయి, చెప్పాడని రాయి."

పెన్ను తీశాను. తేదీ వేశాను. రాయలేక కొట్టేశాను. అది చూసింది. ఆ రోజునుంచి వీరుల బొమ్మలు పెట్టమని అడగలేదు. ఆ మరుసటి ఏడు వానల్లో, ఒంటిమీది పుళ్ళు మానక, జ్వరంతో పోయింది. నేను అబద్ధమాడానని దానికి తెలిసిందో లేదో నాకు తెలియదు. నాన్న మరి ఆరేళ్ళు బతికి, చివరి వారంలో కూడా నిచ్చెన సంగతి ఎత్తాడు. నేను ఆయన కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నాను.

ఇప్పుడు మా వీధిలో విల్లు మోత లేదు. పేట కొట్లలో స్పాంజి పరుపులు చాపల్లా చుట్టి అమ్ముతున్నారు. వాటిమీద ఎంత ఎత్తునుంచి దూకినా దెబ్బ తగలదట. ఏ దేశపు వీరుడైనా ఫోనులో ఒక మీట నొక్కితే తెలుగు మాట్లాడతాడు. హెచ్చరికలు మొదట్లోనే, మన లిపిలోనే వస్తున్నాయి. పిల్లలు వాటిని చదవకుండా దాటవేస్తున్నారు. అప్పుడు కొట్టేసి వదిలేసిన పేజీ నిన్న తీసి, కొట్టివేత కింద జరిగినదంతా వరసగా రాశాను: వీరుడు ఏం చెప్పాడు, నేనేం చెప్పాను, ఎవరు నమ్మారు. అక్షరదోషాలు కూడా సరిచూశాను. ఇది వినవలసినవాళ్ళు ఇద్దరు. ఒకరికి చెప్పడానికి నాకు పదేళ్ళు దొరికాయి, ఇంకొకరికి పదహారేళ్ళు. వినే అవసరమేమీ లేని మీకు చెబుతున్నాను.