మంచిగున్న ట్యాంకు

ఆ ట్యాంకు చెడిపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇంజనీరు నోట రావాల్సిన మాట కాదిది. పైగా దాన్ని ఆ గూడేనికి తెచ్చి బిగించింది నేనే.

భద్రాచలం దాటాక అడవి అంచున ఉంటుంది గూడెం. గాలివానకు చెట్టు కొమ్మ తీగ మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. అందుకని మా ల్యాబ్ వాళ్లు అక్కడి అంగన్‌వాడీని ప్రయోగానికి ఎంచుకున్నారు. పగలు సోలార్ ప్లేట్ల కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి ట్యాంకులో దాచేవాళ్లం. పొద్దుగూకాక దాన్నే మళ్లీ కరెంటుగా మార్చి దీపాలు వెలిగించేవాళ్లం. ట్యాంకు నిండా ఉండేది లోహపు పొడి. హైడ్రోజన్‌ని పీల్చుకుని హైడ్రైడ్ అనే సమ్మేళనంగా మారుతుంది, మారేటప్పుడు బాగా వేడెక్కుతుంది. తర్వాత వెచ్చబెడితే పీల్చుకున్నదంతా వదిలేస్తుంది. ఆ వేడిని లాగేయడానికి ట్యాంకు చుట్టూ నీళ్లు తిప్పాం. కాగిన నీళ్లు మోరీలోకి పోవాలన్నది మా ఆలోచన.

అంగన్‌వాడీ ఆయా పోనివ్వలేదు. యాభై దాటిన మనిషి, ఆ గూడెం ఆమెదే. వేడినీళ్లు ఊరికే పోవడం ఒక్కరోజు చూసింది, మర్నాడే బాలింతలకు కబురు పెట్టింది. మధ్యాహ్నం వాళ్లు బకెట్లతో వచ్చేవాళ్లు. ఆయా పసిపిల్లల్ని కాళ్ల మీద బోర్లా వేసుకుని అక్కడే నీళ్లు పోసేది.

"పచ్చి బాలింత కట్టెలకు పోయే బాధ తప్పింది బిడ్డా" అనేది.

నేను మురిసిపోయి ఫొటోలు తీసి ల్యాబ్‌లో మా సార్‌కు పంపేదాన్ని. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఇది కొన్నాళ్ల ముచ్చటేనని వాళ్లకు మొదట్లోనే చెప్పాను. కానీ స్నానాలు మొదలయ్యాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ప్రయోగం గడువు అయిపోగానే సార్ ఫోన్ చేసి పొడి ఎలా పనిచేస్తోందని అడిగారు. ఏమీ తగ్గలేదని, కొత్తలో పట్టినంత గ్యాసూ పడుతోందని చెప్పాను.

"శభాష్. ఇక ఊడదీసి తీసుకొచ్చేయ్. కోసి చూద్దాం" అన్నారు.

ఫోన్ స్పీకర్‌లో ఉండటంతో పక్కనే ఉన్న ఆయా అంతా వింది. "మంచిగున్నదాన్ని కోసుడేంది?" అని అడిగింది.

లోపల పొడి ఎంత నలిగిందో, ట్యాంకు గోడ ఎలా ఉందో కోస్తేనే తెలుస్తుందన్నాను. పాడైతే ఏం చేసేవాళ్లని అడిగింది. బాగుచేసి ఇంకొన్నాళ్లు ఇక్కడే నడిపి చూసేవాళ్లమని ఉన్నమాట చెప్పాను.

"గట్లయితే ఖరాబైందని చెప్పు బిడ్డా. గింత దూరం ఎవరొచ్చి చూస్తరు?"

ఎవరూ రారు, నిజమే. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. నేను చేయలేదు. అబద్ధం చెప్పకూడదని కాదు, ఆ శభాష్‌ను వదులుకోలేక. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, "రూల్స్ అవ్వా" అన్నాను. ట్యాంకును వ్యాన్ ఎక్కిస్తుంటే ఆమే ఓ చెయ్యి వేసింది. బకెట్‌తో వచ్చిన ఓ బాలింత మమ్మల్ని చూసి, ఖాళీ బకెట్‌తోనే వెనక్కి తిరిగింది.

ల్యాబ్‌లో ట్యాంకును మళ్లీ అతకరాకుండా రెండుగా కోశాం. పొడి బాగా ఉంది, గోడకు పగులే లేదు. సార్ అందరికీ స్వీట్లు తెప్పించారు. నా వాటా పక్కవాళ్లకిచ్చేశాను.

వారం తిరక్కుండానే ఆయా ఫోన్ చేసింది.

"లోపల ఎట్లున్నది బిడ్డా?"

"చాలా మంచిగుంది అవ్వా."

"నేను చెప్పలే? మరి జల్దీ మూసి పంపు. గొట్టాలు గోడకే ఉంచిన, పిల్లల్ని ముట్టనిస్తలేను. నువ్వొచ్చి బిగిచ్చుడే."