మన్ననూరు ఘాట్‌లో ఆగిన వ్యాను

అచ్చంపేటలో ఉమ తన పాత వ్యానులో పిల్లల్ని బడికి తిప్పేది. 2006లో ఒక సెలవు రోజున అత్త పెంటమ్మను శ్రీశైలం తీసుకెళ్లింది. పొద్దుటి నుంచీ బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు చక్రం కీచుమంటూనే ఉంది. ఊరు చేరాక చూపిద్దామనుకుంది.

తిరుగు ప్రయాణంలో మన్ననూరు దాటి ఘాట్ దిగుతూ ఆమె బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు. సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది. ఆ వెంటనే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. వ్యాను మాత్రం ఆగలేదు.

"అత్తమ్మా, గట్టిగ పట్టుకో!" అంటూ ఉమ మూడో గేరుకు, తర్వాత రెండో గేరుకు దించింది. ఇంజను పెద్దగా మూలిగి బండిని బిగబట్టింది. వేగం తగ్గాక హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు అంచున ఆపింది.

పెంటమ్మ దిగి, పొగలొస్తున్న చక్రాన్నీ, రోడ్డు అవతలి లోయనూ, కోడలి చేతులనూ మార్చి మార్చి చూసింది.

"బ్రేకే లేకపాయె, గింత బండి ఎట్ల ఆగింది బిడ్డా?"

"చిన్న గేరేస్తే ఇంజనే పట్టుకుంటది అత్తమ్మా. మొదటి సంది గట్లనే దిగాల్సుండె."

చక్రాలు చల్లారాక బ్రేకు మళ్లీ పట్టింది. రెండో గేరులోనే మెల్లగా ఊరు చేరి, నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లి, అరిగిన బ్రేకు ప్యాడ్లు మార్పించారు. ఆ సాయంత్రం పెంటమ్మ వాకిట్లో నిలబడి, ఇంజను బండిని ఎట్లా పట్టి ఆపిందో పిడికిలి బిగించి మరీ ఇరుగుపొరుగుకు చూపించింది.