అన్నిటికీ ఆఁ అనే బీరన్న

మోత్కూర్ దగ్గరి మా ఊళ్లో బీరన్నతో వాదం పెట్టుకున్నవాడు లేడు. ఏమడిగినా "ఆఁ" అంటాడు. తిన్నవా అంటే ఆఁ, తినలేదా అన్నా ఆఁ. నలభై దాటినా బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు. గొర్రెల దగ్గర మాత్రం వంక పెట్టలేం. అక్క గోపమ్మ, బావ యాదయ్యల మందను పొద్దున తోలుకుపోయి, పొద్దుగూకేసరికి దొడ్డికి చేర్చేవాడు.

అలాంటివాడు ఆ ఏడు పరాయి గొర్రెలను కూడా తోలుకురావడం మొదలుపెట్టాడు. ఏ గొర్రె ఎవరిదో మా దగ్గర చెవి గాటే చెబుతుంది. యాదయ్య గొర్రెలకు ఎడమ చెవికి గాటు, పక్క మంద నరసింహ గొర్రెలకు కుడి చెవికి. నరసింహ ఇంటిమీదికొచ్చి దొంగతనం అన్నంత పని చేశాడు. "ఉన్న మతి గూడ పోతాంది" అని ఊరు తేల్చేసింది. తీర్పు చెప్పడానికి మా ఊరికి విచారణ అక్కర్లేదు! యాదయ్య కూడా బామ్మర్దిని ఇంట్లో కూర్చోబెట్టి జీతగాణ్ణి పెడతానన్నాడు. మంద లేకపోతే తమ్ముడు బతకలేడని గోపమ్మ భయం. తల్లి పోయినప్పుడు కూడా అతడు గొర్రెల మధ్యే పడుకుని తేరుకున్నాడు.

"మతి గాదు, కండ్లు," అంది గోపమ్మ. మోత్కూర్‌లో కంటి శిబిరం పెడితే తీసుకుపోయింది.

కళ్లు పరీక్షించే నాగరాణి గోడమీది బొమ్మలు చూపించి, "కనవడుతాందా అన్నా?" అనడిగింది.

"ఆఁ."

"మంచిగనే ఉన్నయమ్మా. తోల్కపో."

గోపమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఎనక ఏనుగున్నదా అని అడుగు. గప్పుడు గూడ ఆఁ అనే అంటడు. అడగకు బిడ్డా, పని జెప్పు!"

నాగరాణి సరేనని ఒక బొమ్మ అట్ట అతడి చేతికిచ్చి, అలాంటిదే గోడమీద చూపించమంది. బీరన్న లేచి గోడ దాకా నడిచి, ముక్కు ఆనించినట్టు చూసి, సరైన బొమ్మ మీదే వేలు పెట్టాడు. కూర్చోబెట్టి మళ్లీ ఇస్తే మళ్లీ లేచాడు.

"గింత మొండేంది?" అని నాగరాణి విసుక్కుంది.

"మొండి గాదు. దగ్గరికి పోతెనే కనవడుతాంది. గందుకే పోతాండు."

నాగరాణి ఆ మాట పట్టుకుంది. నోటితో ఏమీ అడగకుండా, కళ్లకు ఒక్కో అద్దం మార్చి పెడుతూ, అతడు ఎంత దూరం నడుస్తున్నాడో చూసింది. అద్దం కుదురుతున్నకొద్దీ నడక తగ్గింది. చివరికి బీరన్న కుర్చీలోంచి లేవకుండానే వేలు చాపాడు.

గోపమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "నేను జెప్పలే?" అంది.

కళ్లద్దాలు వచ్చాక జారిపోకుండా వాటికి ఉన్నిదారం కట్టింది. యాదయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. జీతగాణ్ణి మాట్లాడే ఉంచాడు, తెల్లారితే పనిలోకి వస్తాడు. ఆ సాయంత్రం కుంట దగ్గర మందలు కలిసిపోయాయి. యాదయ్య కావాలనే అల్లంత దూరంలో ఉన్న నరసింహ గొర్రెను చూపించి, "బీరన్నా, గది మనదే గదరా? తోల్కరా పో," అన్నాడు.

ఇలాంటి ప్రశ్నకు బీరన్న నోట ఆఁ తప్ప ఇంకో మాట ఎవరూ వినలేదు.

బీరన్న కదల్లేదు. అద్దాలు పైకి నెట్టుకుని, నిలబడ్డచోటి నుంచే చూశాడు. తన కుడి చెవి పట్టుకుని బావకు చూపించాడు.

"కాదు బావా. నరసింహది."