రాతిపిండి ముగ్గు

ముందు చీపురు చప్పుడు వినిపించింది, తడినేల మీద ఎవరో గుసగుసలాడినట్టు. తర్వాత శ్యామల కనిపించింది. నేను పాఠాలు చెప్పే తాండూరు శివారు బడిని ఊడ్చి శుభ్రం చేసేది ఆమే.

భర్త పనిచేసే నాపరాళ్ల పాలిష్ మిల్లు నుంచి తెల్లటి రాతిపిండి తెచ్చి, రోజూ తరగతి గదుల ముందు వాకిలి నిండా ముగ్గేసేది. పిల్లలు దాన్ని చూసి మురిసిపోయి, దాని మీదే గంతులేసేవారు. మధ్యాహ్నానికి ముగ్గంతా మంచులా లేచి గదుల్లోకి పాకేది.

ఆ పిల్లల్లో ఉబ్బసమున్న భవ్యశ్రీ ఒకరోజు ఊపిరందక శ్యామల చేతుల్లోనే వాలిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు పిల్ల జుట్టులోని తెల్లటి పొడి చూసి, "ఈ పిండి ఎక్కడిది?" అని అడిగాడు. శ్యామల తన వేళ్ల వైపు చూసుకుంది.

ఆ తర్వాత ముగ్గు వేయలేదు. వాకిలి తడిపి ఊడుస్తుంది, అంతే. ఆరేదాకా ఆ తడిలో కాస్త ఆకాశం ఉంటుంది.

"వాకిలి బోసిగా లేదా అక్కా?" అని అడిగాను.

"పిల్లలదీ గదే లొల్లి సారూ. 'ఆంటీకి ముగ్గులు మర్చిపోయినయ్‌రా' అని ఎక్కిరిస్తరు." నవ్వి, గేటు వైపు చూసింది. "నాకూ మస్తు యాదికొస్తది. గానీ గా భవ్య ఇయ్యాల ఉరుక్కుంట బడికొచ్చింది, చూసిన్రా?"